పార్కర్‌కు ప్రతినిధిగా ఒక్క పెన్నే ఉంచుకోవాలంటే ఏది ఉంచుకోవాలి?

పాతపాళీ (ప్రశ్న):

మిత్రులందరికీ నమస్కారం. పాత ఫౌంటెన్ పెన్నులు పోగుచేసేవారికి ఏదో ఒకనాడు తప్పని ఇబ్బంది ఇప్పుడు నాకూ వచ్చింది. పెట్టె నిండిపోయింది, ఇంట్లోవారి ఓపిక అంతకన్నా ముందే నిండుకుంది. అందుచేత ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క పెన్ను చొప్పున ఉంచుకుని, మిగిలినవి రాసుకునేవారికి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. ఉంచుకునేది అన్నిటికన్నా ఖరీదైనదో, అరుదైనదో కానక్కర్లేదు. దాన్ని విప్పి చూసి, ఇంకు నింపి, ఒక పేజీ రాసిన మనిషికి ఆ కంపెనీ దేనికోసం పట్టుబట్టి పనిచేసిందో బోధపడాలి. నా షరతు అంతే.

కొన్నిటి విషయంలో పెద్దగా తర్జనభర్జన పడలేదు. పెలికాన్ 1929లో తన మొట్టమొదటి ఫౌంటెన్ పెన్నునే పిస్టన్‌తో విడుదల చేసింది. వెనుక మర తిప్పితే లోపలి పిస్టన్ కదిలి ఇంకును పైకి లాగే ఆ పద్ధతిని ఇప్పటికీ విడిచిపెట్టలేదు. కాబట్టి 1950లో వచ్చిన ఆకుపచ్చ చారల 400 మోడల్ ఉంటే చాలు. లామీ కంపెనీకి 1966 నాటి 2000 మోడల్‌ను కాదని మరొకటి చెప్పేవారు ఉంటారనుకోను.

చిక్కంతా పార్కర్ దగ్గరే వచ్చింది. నా వద్ద నాలుగున్నాయి: 1920ల నాటి నారింజ ఎరుపు డ్యూఫోల్డ్, అడ్డచారల వ్యాక్యుమాటిక్, నల్లని 51, వెండి గళ్ల 75. నాలుగింటినీ బల్లమీద పక్కపక్కన పెడితే నాలుగు వేర్వేరు కంపెనీలు చేశాయేమో అనిపిస్తుంది. పేరుకోసమైతే డ్యూఫోల్డ్, అందంకోసమైతే వ్యాక్యుమాటిక్, రాతకోసమైతే 51 అని మనసు మూడు వైపులా లాగుతోంది. 75 మంచి పెన్నే గానీ, 1963 నాటికి కంపెనీ చెప్పవలసింది చాలావరకు చెప్పేసిందని నా అభిప్రాయం. మీరైతే దేన్ని ఉంచుకుంటారు, ఎందుకు?

సిరాబుడ్డి:

51 ఉంచుకోండి. ఎందుకో చెప్పాలంటే కంపెనీ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

జార్జ్ పార్కర్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, జేన్స్‌విల్ అనే ఊళ్లో టెలిగ్రఫీ నేర్పే మాస్టారు. జీతానికి తోడుగా విద్యార్థులకు జాన్ హాలండ్ కంపెనీ పెన్నులు అమ్మేవారు. ఆ పెన్నులు ఒకరోజు ఇంకు కక్కేవి, మరొకరోజు మొరాయించేవి. అమ్మిన పాపానికి మాస్టారే వాటిని బాగుచేసి ఇవ్వవలసి వచ్చేది. అలా బాగుచేసి బాగుచేసి, ఇంతకన్నా మెరుగైన పెన్ను నేనే చేయగలననే నమ్మకంతో 1888లో కంపెనీ పెట్టారు. అంటే పార్కర్ కంపెనీ పుట్టింది అలంకారం కోసం కాదు, కారే పెన్నుతో పడిన విసుగులోంచి.

1894లో ఆయన పేటెంటు పొందిన 'లక్కీ కర్వ్' ఫీడు (పాళీకి ఇంకు అందించే గాడి ఉన్న భాగం) ఆ విసుగుకు తొలి జవాబు. పెన్నును జేబులో నిలబెట్టినప్పుడు ఫీడు గాడిలో కొంత ఇంకు మిగిలిపోతుంది. ఒంటి వేడికి, ఇంకు నిండి ఉండే గొట్టమైన బ్యారెల్‌లోని గాలి వ్యాకోచించి ఆ ఇంకును పైకి తోస్తే, అది క్యాప్‌లోకి చేరి, మూత తీయగానే వేళ్లకు అంటుకుంటుంది. పార్కర్ చేసిందల్లా ఫీడు వెనుక కొసను కొంచెం వంచి బ్యారెల్ గోడకు ఆనేలా చేయడం. ఆ తాకిడి ఆధారంగా గాడిలోని ఇంకు తనంతట తానే గోడ వెంబడి కిందికి జారిపోతుంది.

ఇప్పుడు 51 లోపలికి చూడండి. పాళీ చిన్న గొట్టంలా ఉంటుంది. దాని చుట్టూ కలెక్టర్ అనే భాగం ఉంటుంది (జిల్లా కలెక్టరుతో దీనికి సంబంధం లేదు). సన్నటి రెక్కలు వరుసగా తీర్చి ఉన్న ఆ భాగం, గాలి వ్యాకోచించి తోసిన అదనపు ఇంకును తన సందుల్లో పట్టి ఉంచి, రాసేటప్పుడు మళ్లీ పాళీకి అందిస్తుంది. ఈ మొత్తాన్ని పైనుంచి ఒక తొడుగు కప్పేస్తుంది కనుక మూత తీసి కాసేపు ఆలోచిస్తూ కూర్చున్నా పాళీ ఎండిపోదు. పాళీ అంతగా తడిగా ఉండగలిగింది కాబట్టే, కాగితం మీద పడగానే ఆరిపోయే ఇంకును దానికి జోడించగలిగారు. ఆ ఇంకు ఘాటుకు సెల్యులాయిడ్ తట్టుకోదని బ్యారెల్‌ను లూసైట్ అనే మరో ప్లాస్టిక్‌తో చేశారు. పాళీ, ఇంకు, బ్యారెల్ మూడింటినీ ఒకే సమస్యకు సమాధానంగా ఒకేసారి ఆలోచించి చేసిన పెన్ను అంతకుముందు నాకు కనబడదు. కంపెనీకి 51వ ఏడు నడుస్తున్న 1939లో దానికి ఆ అంకెనే పేరుగా పెట్టి, 1941లో అమెరికా బజారులోకి తెచ్చారు. అది మూడు దశాబ్దాలపాటు అమ్ముడైంది. టెలిగ్రఫీ మాస్టారు మొదలుపెట్టిన పని పూర్తయింది అక్కడే.

ఎర్రకలం:

సిరాబుడ్డి గారి వివరణ చక్కగా ఉంది గానీ, వారు చెప్పింది పార్కర్ ఇంజనీర్ల గొప్పతనం. ప్రతినిధి అన్నప్పుడు నలుగురిలో నిలబెడితే ఎవరో తెలియాలి కదా. 51కు ఆ ముఖం లేదు. నా పెన్ను బయటికి తీస్తే చుట్టూ ఉన్నవారిలో ఎవరో ఒకరు "హీరో పెన్నా?" అని అడగడం ఖాయం. మన తరంలో చాలామందికి, బంగారు రంగు మూత పెట్టి, పాళీ కొస మాత్రమే కనిపించే ఆ ఆకారం పరీక్షల ముందు కొనిపెట్టిన షాంఘై హీరో ద్వారానే పరిచయమైంది. ఇంకొకరి పేరుతో గుర్తుపట్టే పెన్నును పార్కర్ ప్రతినిధి అనడం నాకు మింగుడుపడదు.

డ్యూఫోల్డ్ అలా కాదు. 1921లో పెన్ను అంటే దాదాపుగా నల్ల ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) గొట్టమే. ఆ రోజుల్లో లావుపాటి, నారింజ ఎరుపు పెన్ను ఒకటి చేసి, రెండు కొసల్లోనూ నలుపు ఉంచి, ఏడు డాలర్ల ధర పెట్టి, 25 ఏళ్లు హామీ ఇచ్చి అమ్మడం మామూలు సాహసం కాదు. జేబులో ఉన్నా గది అవతలినుంచి కనబడుతుంది. 'బిగ్ రెడ్' అని జనం పిలుచుకున్నారంటే రంగే దాని పేరైపోయింది. ఇక 1926లో ఎబొనైట్ వదిలి ప్లాస్టిక్‌కు మారినప్పుడు, కిందపడినా పగలదని చూపించడానికే కంపెనీ ఎన్నో ప్రకటనలు వేసింది. 1945 సెప్టెంబరు 2న మిస్సోరి నౌక మీద జపాన్ లొంగుబాటు పత్రాలపై అమెరికా సేనాధిపతి మెకార్థర్ సంతకాలకు వాడిన పెన్నుల్లో ఒకటి ఎర్ర డ్యూఫోల్డే; అది ఆయన భార్యదని చెబుతారు. మోడల్ వచ్చి అప్పటికి పాతికేళ్లు కావస్తోంది. 25 ఏళ్ల హామీ ఇచ్చిన కంపెనీకి అంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

పైగా 1980ల చివర కంపెనీ తన పేరును మళ్లీ పైకి తేవాలనుకున్నప్పుడు ఏ పేరును బయటికి తీసిందో గుర్తుచేసుకోండి. డ్యూఫోల్డ్‌నే.

తెల్లచుక్క:

నేను మరో పెన్నుల కంపెనీ షేఫర్ పక్షం మనిషిని కనుక దూరంగా ఉండవలసినవాణ్నే, కానీ ఒక్క మాట. కంపెనీ పట్టుదలే కొలత అయితే ఆ పట్టుదల ముదిరి పెడదారి పట్టిన పెన్నులు కూడా ఉంటాయి. షేఫర్ 1908 నాటి లీవరు పేటెంటు నుంచి ఇంకు నింపడం మీదే ధ్యాస పెట్టి, 1952లో స్నార్కెల్ చేసింది. వెనుక మర తిప్పితే పాళీ కిందనుంచి సన్నటి గొట్టం బయటికి వచ్చి, పాళీకి తడి తగలకుండా బుడ్డిలోంచి ఇంకు తాగుతుంది. చూడముచ్చటైన యంత్రమే. కానీ లోపల అన్ని భాగాలుండగా ఎక్కడో ఒక చిన్న రబ్బరు గట్టిపడితే పెన్ను మొత్తం పనికిరాకుండా పోతుంది.

పార్కర్ దానికి పోటీగా 1956లో 61 తెచ్చింది. వెనుక భాగాన్ని ఇంకులో ముంచి నిలబెడితే చాలు, లోపలి కేశనాళికలు తమంతట తామే ఇంకు పీల్చుకుంటాయి. నొక్కడం, తిప్పడం, తుడవడం ఏమీ లేవు. వాడకుండా నెలలు వదిలేస్తే మాత్రం ఆ గొట్టంలో ఎండిపోయిన ఇంకును కడగడానికి రోజులు పడుతుంది. పట్టుదలే ప్రాతినిధ్యమైతే 61ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీసుకోరు కదా?

సిరాబుడ్డి:

తీసుకోను. 61 రాసేవాడి కోసం కాదు, చూసేవాడు ఆశ్చర్యపోవడం కోసం చేసిన పెన్ను. 51 చూసేవాడికి ఏమీ చూపించదు. లోపల జరుగుతున్నదంతా తొడుగు కింద దాచుకుంటుంది. ఒకే దారిలో నడుస్తూ ఒకటి సరైన చోట ఆగింది, రెండోది ఆగలేదు.

హీరో సంగతి ఎర్రకలం గారు లేవనెత్తారు. ఎవరూ అనుకరించని పెన్నే ప్రతినిధి అంటే నేను ఒప్పుకోలేను. షాంఘై కార్ఖానాలు డ్యూఫోల్డ్‌ను వదిలి 51నే ఎందుకు ఎంచుకున్నాయి? పార్కర్ అంటే ప్రపంచం దేన్ని గుర్తు చేసుకుంటుందో వాటికి తెలుసు. అనుకరణల్లో చాలావాటికి పైతొడుగే వచ్చింది, ఆ తడి రాత రాలేదు. అయినా పల్లెటూరి పిల్లవాడి చేతికి 51 ఆకారమైనా చేరింది వాటి వల్లనే.

సంతకాల విషయానికొస్తే, అదే సంవత్సరం మే నెలలో రీమ్స్‌లో జర్మనీ లొంగిపోయినప్పుడు ఐసెన్‌హోవర్ రెండు పెన్నులు ఎత్తి V ఆకారంలో పట్టుకున్న ఫొటో ఉంది. అవి 51లే. కానీ దాన్ని నేను వాదనగా వాడను. సేనాధిపతి జేబులో ఏ పెన్ను ఉందన్నది కంపెనీ అదృష్టమే గాని దాని పనితనం కాదు.

మరమ్మతు బల్ల:

నా బల్లమీదికి ఈ నాలుగు రకాలూ వస్తుంటాయి కనుక, వాదన పక్కన పెట్టి, విప్పినప్పుడు ఏది ఎలా కనిపిస్తుందో చెబుతాను.

డ్యూఫోల్డ్ విప్పడం అన్నిటికన్నా సులువు. వెనుక చిన్న మూత తీస్తే బొత్తం ఉంటుంది. అది నొక్కితే లోపలి ఇనుప పట్టీ వంగి రబ్బరు తిత్తిని అదుముతుంది. తిత్తి మార్చడం అరగంట పని. ఎబొనైట్‌తో చేసిన తొలినాళ్ల పెన్నులు ఎండకు రంగు తిరిగి గోధుమ ఛాయకు వస్తాయి, అది మళ్లీ పోదు. పాళీ గట్టిగా ఉంటుంది. కింద కార్బన్ కాగితం పెట్టి నొక్కి రాయడానికి బాగుంటుందే గాని, కాపర్‌ప్లేట్ రాతలో వచ్చే సన్నం లావు దాని నుంచి ఆశించకండి.

వ్యాక్యుమాటిక్ 1933లో బయటికి వచ్చింది. దాని పద్ధతిని కనిపెట్టినది ఆర్థర్ డాల్బర్గ్ అనే విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. ఇంకు తిత్తిలో ఉండదు, బ్యారెల్‌లోనే ఉంటుంది. వెనుక ప్లంజర్‌ను పదిసార్లు నొక్కి వదులుతుంటే ఒక చిన్న రబ్బరు పొర లోపలికీ బయటికీ కదులుతూ, గాలిని సన్నటి గొట్టం ద్వారా బయటికి పంపి, దాని స్థానంలో ఇంకును రప్పిస్తుంది. బ్యారెల్ గోడలో మెరిసే చారకు, పారదర్శకమైన చారకు మధ్య వెలుతురుకు ఎత్తి చూస్తే ఇంకెంత మిగిలిందో కనబడుతుంది. ఎనభై, తొంభై ఏళ్ల తరువాత చాలా పెన్నుల్లో ఆ పారదర్శకమైన చార ముదురు తేనె రంగుకు తిరిగి, ఏమీ కనబడకుండా అయిపోతుంది. మచ్చలేని బ్యారెల్ దొరికితే ఎక్కువ ధరైనా వదలకండి.

51లో రెండు తరాలున్నాయన్న సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు, ఎంపికలో అదే ముఖ్యం. 1941 నుంచి 1948 దాకా వచ్చిన వాటిలో ఉన్నది వ్యాక్యుమాటిక్ ప్లంజరే. 1948లో ఏరోమెట్రిక్ వచ్చింది. బ్యారెల్ మర విప్పితే ఉక్కు గొట్టం లోపల పారదర్శకమైన ప్లాస్టిక్ తిత్తి ఉంటుంది. పాళీ కిందికి పెట్టి పట్టీని గట్టిగా నొక్కాలనీ, ఏ ఇంకు వాడాలనీ ఆ గొట్టం మీదే చెక్కి ఉంటుంది. ఈ తిత్తుల్లో చాలా వరకు డెబ్బై ఏళ్ల తరువాత కూడా మెత్తగా ఉండి పనిచేస్తుంటాయి. ఇది నేను ఏ ఇతర పెన్నులోనూ చూడలేదు. పరీక్షించడానికి గ్లాసుడు నీళ్లు చాలు. పాళీ నీళ్లలో ముంచి పట్టీ నొక్కితే బుడగలు జోరుగా వస్తే తిత్తి సరిగా ఉన్నట్టు.

అన్ని 51లకూ ఒక హెచ్చరిక వర్తిస్తుంది. పాళీ కొసను పట్టకారుతో పట్టి లాగి విప్పబోయేవారు చాలామంది ఉన్నారు. తొడుగును షెల్లాక్ అనే లక్క జిగురుతో అంటించి ఉంటారు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో నెమ్మదిగా వేడి తగిలిస్తే అది మెత్తబడి, చేత్తో తిప్పితే ఊడుతుంది. తొందరపడితే తొడుగు పగులుతుంది, పగిలినదానికి అతుకు లేదు.

గోదావరి గట్టు:

ఈ చర్చ చదువుతుంటే రాజమండ్రివాడిగా నాకొక సందేహం కలిగింది. ప్రతినిధి మోడల్ అన్న ఆలోచనే కార్ఖానా పెన్నులకు సరిపోతుంది గాని, చేతిపని పెన్నులకు సరిపోతుందా? మా ఊరి రత్నం పెన్నులనే తీసుకోండి. కోసూరి వెంకటరత్నం గారు 1930లలో స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో పెన్ను చేసి గాంధేయవాది జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి పంపితే, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని 1935 జూలైలో ఆయన జాబు రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, మనిషి చేతిని బట్టి పొడవు, లావు మార్చి చేసే ఆ పనిలో ఏ మోడల్ ప్రతినిధి? కొన్నవాడి చేతికి అమరిన ప్రతి పెన్నూ ప్రతినిధే.

సిరాబుడ్డి గారి మాట నిజమని మాత్రం మా పెన్నే రుజువు చేస్తుంది. ఫిల్లరుతో బ్యారెల్ నిండా ఇంకు పోసుకునే పెన్ను సగం ఖాళీ అయ్యాక, మా ఊరి మే నెల ఎండలో చేతి వేడి తగిలితే, రాస్తున్న అక్షరం మీదే పెద్ద చుక్క కక్కుతుంది. అందుకే అనుభవజ్ఞులు సగం కాకముందే మళ్లీ నింపుకుంటారు. జేన్స్‌విల్ మాస్టారు దేనితో కుస్తీ పట్టారో మాకు ప్రతి వేసవిలోనూ తెలుస్తుంది.

పాతపాళీ:

అందరికీ ధన్యవాదాలు. మరమ్మతు బల్ల గారి జాబు చదివాక దారి దొరికినట్టుంది. నా 51 తీసి చూశాను. అది మర విప్పే రకం కాదు, వెనుక చిన్న మూత కింద ప్లంజర్ ఉంది, అదీ ప్లాస్టిక్‌ది. అంటే వ్యాక్యుమాటిక్ నింపే పద్ధతి అందులోనే ఉంది. వ్యాక్యుమాటిక్‌తో మొదలై ఇప్పటికీ కంపెనీ గుర్తుగా ఉన్న బాణం క్లిప్పు మూతకు ఉంది. సిరాబుడ్డి గారు చెప్పిన కలెక్టర్ ఎలాగూ ఉంది. డ్యూఫోల్డ్‌లోని ధైర్యం ఒక్కటే ఇందులో లేదు, దానికి ఎర్రకలం గారు నన్ను మన్నించాలి. ఇది ఉంచుకుంటాను.

దీని వయసు తెలుసుకోవడం ఎలా? ఇప్పుడు ఇంకు సరిగా పట్టడం లేదు, నాలుగైదు వాక్యాలకే ఆగిపోతోంది.

మరమ్మతు బల్ల:

ప్లంజర్ ప్లాస్టిక్‌దైతే యుద్ధకాలంలో లోహానికి కరువొచ్చి అల్యూమినియం మానేసిన తరువాత చేసిన పెన్ను. బ్యారెల్ మీద 'మేడ్ ఇన్ యుఎస్ఏ' అన్న అచ్చు దగ్గర భూతద్దంతో చూడండి. ఒక అంకె, దాని పక్కన చుక్కలు ఉంటే ఆ అంకె సంవత్సరంలోని చివరి అంకె, చుక్కలు ఏ త్రైమాసికమో చెబుతాయి.

ఇంకు పట్టకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆ రబ్బరు పొరే. గట్టిపడి చీలి ఉంటుంది. పొర కొత్తది వేయించండి, కానీ ప్లంజర్ భాగాన్ని పట్టి విప్పడానికి దాని కొలతకు చేసిన ప్రత్యేకమైన బిగింపు కావాలి. మామూలు పట్టకారుతో తిప్పితే మర అరిగిపోతుంది. పొర మార్చాక ఒకరోజు నీళ్లు నింపి ఉంచి, పాళీ కిందికి పెట్టి గ్లాసులో నిలబెట్టండి. కలెక్టర్ సందుల్లో దశాబ్దాలుగా ఎండిన ఇంకు రంగు దిగడం ఆగేవరకు నీళ్లు మారుస్తూ ఉండాలి. తరువాత నీటితో తేలిగ్గా కడుక్కుపోయే మామూలు నీలం ఇంకు పోయండి. మెరుపులు కలిపిన ఇంకులు, ఇండియన్ ఇంకు మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి.